అగ్గిపుల్ల మందం

మార్చి 4, మంగళవారం

వడ్రంగి ఈ రోజు మూడు వారాల పరీక్షకు వచ్చాడు. పైకప్పు పని చేస్తుండగా దూలం జారి ముఖం మీద పడి, ఎడమ కన్ను కూర్చునే గుంత అడుగున ఎముక విరిగి, ఫిబ్రవరి 11న నా బల్ల మీదికి వచ్చిన మనిషి. కుట్ల జాడ కూడా కనిపించలేదు. రెండు చెంపలూ సమానంగా ఉన్నాయి. నన్ను నేను మెచ్చుకుంటూ అద్దం ఆయన చేతికిచ్చాను.

ఆయన అద్దం చూసుకోలేదు. బొటనవేలు చూపించాడు. గోరు నల్లబడి ఉంది.

"కిందికి చూస్తే మేకులు రెండు కనిపిస్తున్నాయి డాక్టరమ్మా. ఏది అసలు మేకో తెలీక వేలి మీద కొట్టుకున్నా. వాపు తగ్గితే పోతుందన్నారుగా, తగ్గింది. ఇది పోలేదు."

వెంటనే స్కాన్ తీయించాను. విరిగిన ఎముక స్థానంలో నేను పెట్టిన టైటానియం జాలీ ప్లేటు ముందువైపు అచ్చంగా కూర్చుంది. వెనక అంచు మాత్రం ఉండాల్సిన దానికంటే మూడు మిల్లీమీటర్లు పైన ఉంది. కన్నును కిందికి లాగే కండరాన్ని అది ఒత్తుతోంది. మూడు మిల్లీమీటర్లంటే అగ్గిపుల్ల మందం కంటే కాస్త ఎక్కువ.

రేపోమాపో ఎవరైనా అడుగుతారు. తడబడకుండా చెప్పాలి కాబట్టి వరసగా రాసుకుంటున్నాను. ఆపరేషన్‌లో దారి చూపించే మిషన్ మాకొకటి ఉంది. రోగి స్కాన్ ముందే అందులో ఉంటుంది. నుదుటికి ఒక చట్రం కడతాం, దానికి తెల్ల గోళీలుంటాయి. గదిలో పైనున్న కెమెరా వాటిని చూస్తుంది. నా చేతిలో పాయింటర్‌కీ గోళీలుంటాయి. మొదట పాయింటర్‌తో ముఖం మీద గుర్తులు ముట్టుకుని, మనిషినీ స్కాన్‌నూ ఒకదానికొకటి సరిపెడతాం. ఆ తర్వాత నా పాయింటర్ మొన లోపల ఎక్కడుందో తెర మీద గుర్తు చూపిస్తుంది. బాగున్న కంటి గుంతను అద్దంలోలా తిరగేసి గీసిన ఆకుపచ్చ గీత కూడా ఉంటుంది. ప్లేటు ఆ గీత మీద పడాలి. చట్రం కదిలితే మాత్రం తెర చూపించేదంతా తప్పు. అందుకే ప్లేటు పెట్టేముందు మూడు చోట్ల ముట్టుకుని, తెర నిజం చెబుతోందో లేదో చూసుకుంటాను. ముక్కు దూలం, కంటి గట్టు, పై పన్ను. ఇది నేను పెట్టుకున్న పద్ధతి. ఇక్కడ అందరికీ నేర్పించింది కూడా నేనే.

ఆ రోజు మూడు చోట్లా ముట్టుకున్నాను.

మార్చి 5, బుధవారం

మూడు చోట్లా ముట్టుకున్నాను. ముక్కు, గట్టు, పన్ను. నాకు బాగా గుర్తుంది.

మార్చి 6, గురువారం

మా విభాగాధిపతి సమావేశం పెట్టాడు. మేమందరం ఆయన్ను పెద్దాయన అంటాం. ముప్ఫై ఏళ్లుగా మిషన్ లేకుండా ముఖాలు నిలబెట్టిన చెయ్యి ఆయనది. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. మిషన్ కావాలని నేను రెండేళ్లు కాగితాలు పట్టుకుని తిరిగినప్పుడు, "నా వేలికి కళ్లున్నాయమ్మా, నీకు తెర కావాలా" అని నవ్విన మనిషి. ఈ రోజు నవ్వలేదు. అదే కష్టంగా ఉంది.

కూర్చున్నది నలుగురం. పెద్దాయన, నేను, మత్తు డాక్టరు, మిషన్ నడిపే టెక్నీషియన్. టెక్నీషియన్‌ను అందరూ మాస్టారు అంటారు, ఏ చిన్న సంగతైనా పాఠం చెప్పినట్టు చెబుతాడని. ఆయనకు ఇంక నాలుగు నెలల ఉద్యోగం ఉంది.

నర్సు రోగి ముఖం మీద గుడ్డ సర్దుతున్నప్పుడు చెయ్యి చట్రానికి తగిలిందనీ, పట్టీ వదులైతే మళ్లీ బిగించారనీ మత్తు డాక్టరు చెప్పాడు. పట్టీ బిగించాక మొదటి నుంచి సరిపెట్టుకోవాలని అందరికీ తెలుసు. పన్నెండు నిమిషాల పని. "మరెందుకు సరిపెట్టలేదు?" అన్నాడు పెద్దాయన. టెక్నీషియన్ వైపు తిరిగాడు.

"మాస్టారూ, మిషన్ మీది. చెప్పాల్సింది మీరు కదా?"

"అవును సార్" అన్నాడు మాస్టారు, బల్ల వైపు చూస్తూ.

ఆయన్ను ఆపరేషన్ థియేటర్ నుంచి తప్పించి పాత ఎక్స్‌రే ఫిల్ముల గదికి పంపారు. సమావేశం ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

నేను ఏమీ అనలేదు. నన్ను ఎవరూ అడగలేదు కూడా.

మార్చి 7, శుక్రవారం

మాస్టారి కుర్చీలో కొత్తవాడు. మిషన్ ఆన్ చేయడానికే నాలుగుసార్లు పుస్తకం తిప్పాడు.

మాస్టారు ఆ రోజు ఒక్క మాట అని ఉంటే నేను ఆగేదాన్ని. అనుభవం ఉన్న మనిషి. నా రెండు కళ్లూ కోత మీద ఉంటాయి, నేను అన్నీ చూడలేను. అందుకే కదా టెక్నీషియన్ ఉండేది.

ఇంటికొచ్చి మిషన్‌నీ, పట్టీనీ, పట్టీ చేసిన కంపెనీనీ తిడుతుంటే మా అత్తగారు కూరగాయలు తరుగుతూ అంతా విన్నారు. ఆవిడకు చెవులు సరిగా వినపడవని మా నమ్మకం. అవసరమైనవన్నీ వినపడతాయి. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అని కత్తి పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

మద్దెల నిజంగా ఓడై ఉండవచ్చుగా? ఈ ఇంట్లో ఎవరూ అలా ఆలోచించరు.

మార్చి 9, ఆదివారం

సెలవు. మా ఆయన స్కూలు పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. ఆయన బడిలో లెక్కలు చెబుతాడు. జవాబు తప్పైనా, ఏ మెట్టు దాకా సరిగ్గా వచ్చాడో చూసి అక్కడిదాకా మార్కులు వేస్తాడు. ఆయన పక్కనే కూర్చుని నేనూ ఆ రోజును మెట్టు మెట్టుగా తలుచుకున్నాను.

ముక్కు ముట్టుకున్నాను. తెర మీద గుర్తు ఎముక మీదే పడింది. గట్టు ముట్టుకున్నాను. కొంచెం అటూ ఇటూ, కానీ చర్మం వాచి ఉంది. పన్ను ముట్టుకున్నాను. ఆ తర్వాత ప్లేటు పెట్టాను.

పన్ను దగ్గర తెర మీద ఏం కనిపించిందో గుర్తు రావడం లేదు. మిగిలినవన్నీ గుర్తున్నాయి. కొత్త ప్లేటు పాకెట్ మీద చిరుగు ఏ వైపుందో కూడా గుర్తుంది.

ప్లేటు ఎక్కడైనా పట్టేసిందేమోనని చివర్లో కన్నును సన్న పటకారుతో పట్టుకుని తిప్పి చూశాను. తిరిగింది. కొంచెం బిగుతుగా తిరిగింది. వాపు వల్ల అనుకున్నాను.

మార్చి 10, సోమవారం

పాదంతో పెడల్ నొక్కినప్పుడల్లా మిషన్ తెరను ఫోటో తీసి దాచుకుంటుంది. నాకు ప్రతి మెట్టు దగ్గరా నొక్కే అలవాటు. మధ్యాహ్నం థియేటర్ ఖాళీ అయ్యాక ఫిబ్రవరి 11 ఫోటోలు తెరిచాను.

10:38, పట్టీ మళ్లీ బిగించిన తర్వాత. ముక్కు. సరిగ్గా ఉంది.

10:40, గట్టు. అటూ ఇటూ కాదు, రెండు మిల్లీమీటర్లు బయట ఉంది.

10:42, పన్ను. పాయింటర్ మొన నిజానికి పన్నుకు ఆనుకుని ఉంది. తెర మీద మాత్రం పన్ను ముందు ఖాళీలో వేలాడుతోంది. మధ్యలో అగ్గిపుల్ల పట్టేంత సందు. దాన్ని చూడని మనిషి పెడల్ నొక్కదు. నా పాదమే నొక్కింది.

10:44, ప్లేటు లోపలికి వెళుతోంది.

మూడు చోట్లా ముట్టుకున్నాను. అది నిజమే.

మార్చి 11, మంగళవారం

రాయడానికేమీ లేదు.

మార్చి 13, గురువారం

ఫిల్ముల గది నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. మాస్టారు పాత కవర్లను సంవత్సరాల వారీగా పేర్చుతున్నాడు. నన్ను చూసి లేచి, ఉన్న ఒక్క కుర్చీనీ తుడిచి వేశాడు. నేను నిలబడే ఉన్నాను.

అడగాల్సిన పని లేదు. దారిలో మెట్లు దిగుతుండగానే అంతా గుర్తొచ్చింది. ఆ రోజు గంట ఆలస్యంగా మొదలుపెట్టాం. తర్వాతి రోగి బయట ఉన్నాడు. మిషన్ వల్ల కేసులు నత్తనడక నడుస్తున్నాయని ముందురోజే పెద్దాయన అందరి ముందూ అన్నాడు. మిషన్‌తో కూడా గంటన్నరలో ముగించవచ్చని ఆ రోజు చూపించాలనుకున్నాను. పన్ను దగ్గర సందు కనబడగానే మాస్టారు వెనక నుంచి నెమ్మదిగా అన్నాడు: "మళ్లీ సరిపెడదామా మేడం? పన్నెండు నిమిషాలే." నేను తల తిప్పకుండా, "అక్కర్లేదు, బాగానే ఉంది" అన్నాను.

ఈ డైరీలో ఆరు రోజులు వెనక్కి వెళితే, ఆయన ఒక్క మాట అని ఉంటే ఆగేదాన్ని అని నేనే రాశాను. కొట్టేయబుద్ధయింది. కొట్టేయను. ఉండనీ.

"సమావేశంలో ఎందుకు చెప్పలేదు మాస్టారూ?" అని అడిగాను.

"చెబితే ఏమవుతుంది మేడం? మీ మీద మచ్చ పడితే మిషన్‌ని మూల పడేస్తారు. పెద్దాయన దానికోసమే కాచుకుని ఉన్నారు. నేనైతే ఎలాగూ నాలుగు నెలల్లో పోయేవాణ్ణి."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. మిషన్ ఫోటోలు దాచుకుంటుంది కానీ మాటలు దాచుకోదు. ఆ మాట విన్నది మేమిద్దరమే. నేను నోరు మూసుకుంటే అది ఈ గదిలోనే ఉండిపోతుంది. నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవడానికి హక్కు లేదనిపించి పైకొచ్చేశాను.

మార్చి 14, శుక్రవారం

పెద్దాయన గదిలోకి వెళ్లి మొత్తం చెప్పాను. ఫోటోలు బల్ల మీద పెట్టాను. మాస్టారు అన్న మాట, నేనన్న మాట, రెండూ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ప్లేట్లు ఒక్కోసారి వాటంతటవే జరుగుతాయనీ, రోగికి ప్లేటు జరిగిందని చెప్పి మళ్లీ ఆపరేషన్ చేస్తే సరిపోతుందనీ, అది పూర్తిగా అబద్ధం కూడా కాదనీ అన్నాడు. కాగితం నా వైపు తోశాడు.

"ఇది ఫైల్లో పెడితే విచారణ అయ్యేదాకా నువ్వా మిషన్‌తో ఒక్క కేసూ చెయ్యలేవు. ఆలోచించుకో అమ్మాయ్. పదహారేళ్ల పేరు."

"ఆలోచించుకునే వచ్చాను సార్" అని కాగితం మళ్లీ ఆయన వైపు జరిపాను.

జరగని ప్లేటును జరిగిందని చెప్పను. సోమవారం వడ్రంగి వస్తాడు. చెబుతాను.

మార్చి 15, శనివారం

చెబుతాను.

మార్చి 16, ఆదివారం

ఎలా మొదలుపెట్టాలో అద్దం ముందు నిలబడి నాలుగు రకాలుగా అనుకున్నాను. నాలుగో దాంట్లో పట్టీ గురించి రెండు వాక్యాలు ఎక్కువయ్యాయి, తీసేశాను. మూడో దాంట్లో "మేము" అని వచ్చింది. "నేను" అని మార్చాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "తక్కువ మాటల్లో చెప్పు. లెక్క తప్పినప్పుడు పిల్లలు ఎక్కువ రాస్తారు" అన్నాడు.

మార్చి 17, సోమవారం

వడ్రంగీ, ఆయన భార్యా వచ్చారు. ఆవిడ కుట్టుపని చేస్తుంది. మాట కూడా సూదిలాగే ఉంటుంది. తలుపు మూసి, ఫోన్ తీసి పక్కన పెట్టి, బల్లకు ఇటువైపు కాకుండా వాళ్ల పక్కన కుర్చీలో కూర్చున్నాను.

"మీకు రెండు కనిపించడానికి కారణం నేను. ప్లేటును తప్పు చోట పెట్టాను" అన్నాను.

చట్రం, గోళీలు, తెర, అన్నీ కాగితం మీద గీసి చూపించాను. ఆయన కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. కుడికన్ను మూసి, మళ్లీ తెరిచి, ఎడమకన్ను మూసి చూశాడు. ఆ తర్వాత అడగడం మొదలుపెట్టాడు. నన్ను ఇంత బాగా ఎవరూ ప్రశ్నించలేదు, పరీక్షల్లో కూడా.

"ఆ చట్రాన్ని దేనికి బిగించారు?"

"నుదుటి పట్టీకి."

"ఎముకకు కాదా?"

"ఎముకకు స్క్రూతో కూడా బిగించవచ్చు. పట్టీ చాలనుకున్నాను."

"అది కదిలిందని మీకెప్పుడు తెలిసింది?"

"అప్పుడే."

"అప్పుడే అంటే? నా కన్ను తెరిచి ఉండగానే?"

"అవును. మా టెక్నీషియన్ ఆగమన్నాడు కూడా. నేనే ఆగలేదు."

ఆయన భార్య లేచి నిలబడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని విన్నాను గానీ డబ్బు కట్టి మరీ ఊడగొట్టించుకున్నది మేమేనంది. ఇంకా చాలా అంది. అందులో ఒక్కటీ తప్పు కాదు. ఆయన మాత్రం కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"బిగించిన చెక్క జరిగిందని తెలిశాక పాత గీత మీదే కోసేవాణ్ణి, మా దగ్గరైతే పనిలోంచి తీసేస్తారు డాక్టరమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు.

మళ్లీ ఆపరేషన్ చేస్తే బాగయ్యే అవకాశం ఉందనీ, రెండు వారాలు దాటితే ప్లేటు చుట్టూ కండరం అతుక్కుపోయి కష్టమవుతుందనీ చెప్పాను. నూటికి నూరుపాళ్లు అని చెప్పలేనన్నాను. వేరే చోటికి వెళతామంటే ఫోటోలతో సహా కాగితాలన్నీ సిద్ధంగా పెట్టానని కవరు ఇచ్చాను. ఆవిడ కవరు లాక్కుంది. ఇద్దరూ వెళ్లిపోయారు.

మార్చి 18, మంగళవారం

ఫోన్ రాలేదు. మిషన్ కేసులన్నీ నా పేరు మీద నుంచి తీసేశారు. ఈ రోజు దవడలో నీటితిత్తులు తీయడం రెండు, నాలుకకు కుట్లు ఒకటి. చేతికి పని ఉన్నంతసేపూ బాగానే ఉంది.

మార్చి 19, బుధవారం

రాలేదు. పన్నెండు రోజులున్నాయి.

మార్చి 20, గురువారం

వడ్రంగి ఒక్కడే వచ్చాడు. టోకెన్ తీసుకుని, తన వంతు వచ్చేదాకా గంటన్నర కూర్చుని లోపలికొచ్చాడు. ఇంకో రెండు ఆసుపత్రుల్లో చూపించుకున్నాడట. ఒకచోట కంటికి గంత కట్టుకుని బతకమన్నారు. ఇంకోచోట చేస్తామన్నారు కానీ ఫోటోలు చూసినా ప్లేటు ఎందుకలా ఉందో వాళ్లకు అర్థం కాలేదు.

"ఒక్క కన్నుతో చెక్క పని చెయ్యలేను. రంపం ఎంత దూరంలో ఉందో తెలీదు. నాకు వేరే పని రాదు" అన్నాడు. "మీ చేతికైతే ఇవ్వను. ఏమీ అనుకోకండి. పెద్ద డాక్టరుగారిని చెయ్యమనండి. కానీ మీరు పక్కన ఉండాలి. ఎక్కడ తప్పిందో మీకు తెలిసినట్టు ఆయనకు తెలీదు."

మనసు చివుక్కుమంది. పదహారేళ్లలో నా చేతిని ఎవరూ వద్దనలేదు. చివుక్కుమన్న దాన్ని అలాగే మింగి, సరేనన్నాను.

పెద్దాయన ఒప్పుకున్నాడు. నేను రెండు షరతులు పెట్టాను. చట్రం పట్టీకి కాదు, పుర్రె ఎముకకు స్క్రూతో బిగించాలి. మిషన్ దగ్గర మాస్టారు ఉండాలి. రెండోదానికి ఆయన మొహం అదోలా పెట్టాడు. నా కాగితం ఫైల్లో ఉంది, ఇంక కాదనడానికి లేదు.

మార్చి 24, సోమవారం

స్కాన్ నుంచి వడ్రంగి పుర్రెను ప్లాస్టిక్‌లో తయారు చేయించాం. దాని మీద మాస్టారూ, నేనూ మూడు గంటలు పనిచేశాం. చట్రాన్ని కావాలని కదిపి, పన్ను దగ్గర ఎంత తేడా వస్తుందో కొలిచాం. వెనకాల, కంటి నరానికి కొంచెం ముందు ఒక చిన్న ఎముక అంచు మిగిలి ఉంది. ప్లేటు వెనక అంచు దాని మీద కూర్చోవాలి. దానికి పక్కనే విరిగి కిందికి వంగి అతుక్కున్న ముక్క ఒకటుంది. తడిమితే రెండూ ఒకేలా గట్టిగా తగులుతాయి. అది రాసి థియేటర్ గోడకు అంటించాను.

ఫిల్ముల గది నుంచి పైకి రావడం ఎలా ఉందని అడిగితే, అక్కడ చల్లగా ఉండేదన్నాడు మాస్టారు. నేను క్షమాపణ చెప్పాను. ఆయన పుర్రెను కళ్ల ఎత్తుకు ఎత్తి పట్టుకుని, స్క్రూ ఇంకో అరచుట్టు తిప్పాలన్నాడు.

మార్చి 27, గురువారం

అయిపోయింది. ఈ రోజే రాయాలి.

పెద్దాయన పాత దారిలోనే కనురెప్ప లోపలి నుంచి వెళ్లాడు. అంతా మచ్చకట్టి ఉంది. ముప్ఫై ఏళ్ల చెయ్యి, ఒప్పుకోవాలి. నేను రెండు గంటలు రెప్పనూ, కొవ్వునూ పక్కకు పట్టుకుని నిలబడ్డాను. ఇంత పట్టుదలగా నేను కత్తి కూడా ఎప్పుడూ పట్టలేదు. పాత ప్లేటు బయటికొచ్చింది. దాని వెనక అంచుకు కండరం పోగులు పట్టుకుని ఉన్నాయి. పెద్దాయన వాటిని ఒక్కొక్కటిగా విడదీశాడు.

కొత్త ప్లేటు పెట్టేముందు పెద్దాయన లైటు హేండిల్ లాక్కున్నాడు. అది చట్రాన్ని స్క్రూకు కలిపే జాయింటుకు తగిలింది. చిన్నగా. చప్పుడు కూడా రాలేదు. మాస్టారు నా వైపు చూశాడు. నేను చూశాను.

పెద్దాయన పరికరంతో వెనకాల తడిమి, "అంచు దొరికింది. ప్లేటు ఇవ్వండి" అన్నాడు.

"ఒక్క నిమిషం సార్. మూడు చోట్లా ముట్టుకుని చూద్దాం."

"అక్కర్లేదమ్మా. బాగానే ఉంది."

అక్షరం పొల్లుపోకుండా నా మాటే. మత్తు డాక్టరు గడియారం చూశాడు. నర్సు ప్లేటు పట్టుకుని నిలబడిపోయింది.  నేను పట్టుకున్న రెప్పను నర్సు రెండో చేతికి అప్పగించి, పాయింటర్ అందుకున్నాను.

"అవసరం ఉంది సార్. చూడకుండా ప్లేటు లోపలికి వెళ్లదు. నేను వెళ్లనివ్వను."

 ఆయన కళ్లు మాస్కు పైనుంచి నన్నే చూశాయి. నేను ఆయన్ను చూడలేదు. ముక్కు ముట్టుకున్నాను. సరిగ్గా ఉంది. గట్టు. కొంచెం తేడా. పన్ను. తెర మీద మొన పన్ను ముందు ఖాళీలో ఉంది. తక్కువే, మిల్లీమీటరున్నర.

"మాస్టారూ?" అన్నాను.

"జాయింటు జరిగింది మేడం. మళ్లీ సరిపెట్టాలి" అన్నాడు, అందరికీ వినపడేలా.

పన్నెండు నిమిషాలు. పెద్దాయన చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. తిట్టాడు కూడా, నన్ను కాదు, లైటును. సరిపెట్టాక మూడు చోట్లా ముట్టుకున్నాను, మూడూ పడ్డాయి. అప్పుడు ఆయన అంచు అన్నచోట పాయింటర్ పెట్టాం. అది అంచు కాదు. వంగి అతుక్కున్న ముక్క. అసలు అంచు ఇంకా నాలుగు మిల్లీమీటర్లు లోపల, పక్కకు ఉంది.

ఆయన తెర వైపు చూశాడు, గోడ మీద నేనంటించిన కాగితం వైపు చూశాడు. ప్లేటు అందుకుని అక్కడ పెట్టాడు. అది ఆకుపచ్చ గీత మీద కూర్చుంది. కన్నును పటకారుతో పట్టుకుని పైకీ కిందికీ తిప్పాడు. ఎక్కడా పట్టలేదు. నన్ను కూడా తిప్పి చూడమన్నాడు. నేనూ తిప్పాను.

బయట కుట్టుపని ఆవిడకు నేనే చెప్పాను. ప్లేటు చోటుకు వచ్చిందని, చూపు సంగతి వాపు తగ్గాకే తెలుస్తుందని. ఆవిడ తల ఊపింది. కూర్చోమనలేదు, వెళ్లమనలేదు. కాసేపు పక్కనే నిలబడ్డాను.

ఏప్రిల్ 3, గురువారం

వాపు. వడ్రంగికి ఇంకా అన్నీ రెండుగానే కనిపిస్తున్నాయి. ఇది మామూలే అని ఆయనకు చెప్పాను. ఇది మామూలే.

ఏప్రిల్ 8, మంగళవారం

పెద్దాయన కొత్త నియమం రాయించి థియేటర్‌లో పెట్టించాడు. పట్టీ గానీ జాయింటు గానీ కదిలిందని టెక్నీషియన్ అంటే, కత్తి ఎవరి చేతిలో ఉన్నా ఆగాలి. కింద ఆయన సంతకం. నా విచారణ ఇంకా తేలలేదు. తేలేదాకా తిత్తులూ, కుట్లూ.

ఏప్రిల్ 24, గురువారం

నాలుగు వారాలు. పొద్దున వడ్రంగీ, భార్యా వచ్చారు. ఆయన చంకలో పని సంచి ఉంది. నేను పెన్ను ఎత్తి పట్టుకుని ఆయన్ను చూడమన్నాను. ఎదురుగా, ఒకటి. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. బాగా పైకి ఎత్తినప్పుడు రెండు.

"పైకి చూసే పని మానేశాలెండి. పైకప్పులు కుర్రాళ్లు చేస్తారు" అన్నాడు.

కిందికి తెచ్చాను. బల్ల అంచు దాకా, ఆయన మోకాళ్ల దాకా. ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకుని, బల్ల మీదున్న మూతను ఇంకో చేత్తో పట్టుకుని, కిందికి చూస్తూ ఒక్కసారికే మూత పెట్టేశాడు. తీసి మళ్లీ పెట్టాడు. మూడోసారి కూడా. ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నేను రిపోర్టు రాస్తున్నట్టు తల వంచుకున్నాను. అక్షరాలు అలుక్కుపోయాయి.

లేస్తారనుకున్నాను. ఆయన కూర్చునే ఉన్నాడు.

"ఒక మాట అడుగుతా డాక్టరమ్మా. ఆ రోజు మీరు చెప్పకపోయి ఉంటే నాకెప్పటికైనా తెలిసేదా?"

"తెలిసేది కాదు. ప్లేటు జరిగిందంటే నమ్మేవారు."

ఆయన పెన్ను తిరిగి నా ముందు పెట్టాడు.

"ఆరేళ్ల కిందట ఒకరింట్లో మేడ మెట్లకి చేతి పట్టు కట్టా. పై చివర గోడలోకి పొడుగు స్క్రూలు దిగాలి. ఆ రోజు అయిపోయాయి, కొట్టు మూసేశారు. పొట్టి మేకులు కొట్టి పైన రంగు పూసేశా. ఇప్పటిదాకా ఊడలేదు. ఆ ఇంట్లో పెద్దావిడ ఉంది. అది పట్టుకునే దిగుతుంది."

ఆయన భార్య ఆశ్చర్యంగా ఆయన వైపు తిరిగింది. ఆవిడకు కూడా తెలియదు. వాళ్లు తిడతారేమో అంది నెమ్మదిగా.

"తిట్టనీ" అన్నాడు. సంచి కదిపితే లోపల స్క్రూలు గలగలమన్నాయి. "ఇక్కణ్ణించి అటే వెళ్తున్నా. ముందు చెప్పి, తర్వాత బిగిస్తా."

"చెప్పేటప్పుడు గొంతు ఎండిపోతుంది" అన్నాను. లేచి గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చాను. "తాగి వెళ్లండి."

మొత్తం తాగి వెళ్లాడు.